మంచికాయ తాలులో పడుతోంది: జీమెయిల్లో పాత ఫిల్టర్లు తీసే సంగతి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదండీ. నాన్నగారికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, రెండేళ్ళుగా కాస్త ఎగుమతి కూడా చేస్తున్నారు. కొట్టు జీమెయిల్‌కు రావాల్సిన మెయిళ్ళలో కొన్ని ఇన్‌బాక్స్‌లో కనబడటం లేదు. సరుకు కొన్నవాళ్ళు ఫోన్ చేసి 'మెయిల్ పెట్టాం కదా' అన్నాక వెతుక్కోవాల్సి వస్తోంది. ఉద్యోగం మానేసిన గుమాస్తా ఏవో రూల్స్ పెట్టి వెళ్ళాడని మీ అనుమానం. ఎడమ పక్కన అతను పెట్టిన లేబుళ్ళన్నీ తీసేశారు, పాస్‌వర్డ్ మార్చారు, అయినా మెయిళ్ళు పోతూనే ఉన్నాయి. ఫోన్‌లో చూస్తే రూల్స్ అన్న మాటే లేదు. హ్యాక్ అయిందేమోనని నాన్నగారు కంగారు పడుతున్నారు.

లేబుళ్ళు తీసినా, పాస్‌వర్డ్ మార్చినా ఈ జబ్బు తగ్గదు. పాస్‌వర్డ్ అంటే కొట్టు తాళం. లోపల కూర్చుని కాయ ఏరేవాళ్ళకు చెప్పిన మాట, తాళం మార్చినంత మాత్రాన మారదు కదా. ఫలానా రకం కనబడితే తాలులో పడేయమని ఎవరో ఎప్పుడో చెప్పి పోయారు. వాళ్ళు ఇవాళ్టికీ అదే చేస్తున్నారు, మంచికాయ అయినా సరే. జీమెయిల్లో ఆ చెప్పిన మాట పేరు ఫిల్టర్. దాన్ని తీయడానికి రెండు నిమిషాలు చాలు. ఏది తీయాలో తేల్చుకోవడానికీ, ఇప్పటికే తాలు కుప్పలో పడ్డ కాయను ఏరి తెచ్చుకోవడానికీ ఒక పూట పడుతుంది. అందుకని ఇకమీదట ఏదీ తొందరపడి తీసేయకండి.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. ట్రాష్ తెరవండి, ఆ తరవాత స్పామ్ తెరవండి. ఈ రెండింట్లో పడ్డవాటిని జీమెయిల్ 30 రోజులు ఉంచి తనే శాశ్వతంగా తుడిచేస్తుంది. ఫిల్టర్ కనక 'డిలీట్ చెయ్యి' అని ఉంటే మీ కొనుగోలుదారు పంపిన కాగితం ట్రాష్‌లో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. పనికొచ్చేది ఏది కనబడినా ఇన్‌బాక్స్‌కు మార్చేయండి. 30 రోజులు దాటినవాటి మీద ఆశ పెట్టుకోవద్దు, పంపినవాళ్ళనే మళ్ళీ పంపమని అడగడం మంచిది. మిగతా పనంతా రేపు చేసినా నష్టం లేదు.

ఇప్పుడు లేబుల్ సంగతి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మా మేనమామ ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, బెజవాడ స్టేషన్ దగ్గర ఉత్తరాలు సార్టింగ్ చేసేవారు. ఎదురుగా చిన్న చిన్న గూళ్ళ చట్రం, ఊరికో గూడు, చేతిలో కవర్ల కట్ట. 'ఉత్తరం పోవడమనేది చాలా అరుదురా, పక్క గూట్లో పడి ఉంటుంది' అనేవారు. మీ మెయిళ్ళ విషయంలోనూ సగం నిజం అదే. కానీ జీమెయిల్లో గూళ్ళు లేవు. ఉన్నది ఒకే ఒక పెద్ద సంచి, దాని పేరు ఆల్ మెయిల్. లేబుల్ అంటే ఉత్తరానికి అంటించిన చీటీ. ఒకే ఉత్తరానికి నాలుగు చీటీలు అంటించవచ్చు. తమాషా ఏమిటంటే ఇన్‌బాక్స్ కూడా ఒక చీటీయే. ఆ చీటీ ఊడదీస్తే మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనబడదు, సంచిలో మాత్రం ఉంటుంది. ఆర్కైవ్ అంటే అంతకు మించి ఏమీ లేదు.

అంటే మీ గుమాస్తా 'శ్రీలంక పార్టీ' అని ఒక లేబుల్ పెట్టి, ఆ పార్టీ నుంచి వచ్చినవి ఇన్‌బాక్స్ దాటేసి నేరుగా ఆ లేబుల్ కిందకు వెళ్ళేలా ఫిల్టర్ రాశాడనుకోండి. మీరు లేబుల్ తీసేసినప్పుడు చీటీ ఒక్కటే పోయింది, ఇన్‌బాక్స్ దాటేయమన్న ఆజ్ఞ వేరు. ఇదివరకు ఎడమ పక్కన ఆ పేరు నొక్కితే దొరికేవి, ఇప్పుడు ఏ పేరూ లేకుండా సంచి అడుగున పడుతున్నాయి. మీకు ఇబ్బంది ఈ మధ్యనే ఎక్కువైందని రాశారు చూడండి, దానికి కారణం ఇదే అయ్యుంటుందని నా అంచనా. లేబుళ్ళు తీసినందువల్ల లోపలి మెయిళ్ళు మాత్రం చెరిగిపోవు, ఆ దిగులు వద్దు.

నిజమో కాదో తేల్చుకోవడం సులువు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఎడమ పక్క 'మోర్' నొక్కి ఆల్ మెయిల్‌లోకి వెళ్ళండి. అక్కడ ఇన్‌బాక్స్‌లో ఉన్న ప్రతి మెయిల్ పక్కనా 'ఇన్‌బాక్స్' అని బూడిదరంగు చీటీ కనబడుతుంది. ఆ చీటీ లేనివి, మీరు పంపినవి కానివి, అవే మీ తప్పిపోయిన గొర్రెలు. పదిహేను రోజులవి పైనుంచి కిందకు చూసి, ఎవరి దగ్గర్నుంచి వచ్చినవి తప్పిపోతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఈ కాగితం లేకుండా ఫిల్టర్ల పేజీ తెరవొద్దు. అక్కడ ముప్పై వరసలు కనబడేసరికి కళ్ళు తిరుగుతాయి.

ఆ పేజీ ఫోన్ యాప్‌లో లేదు, మీరు వెతకడంలో తప్పేం లేదు. జీమెయిల్ యాప్‌లో ఫిల్టర్లు పెట్టడానికీ తీయడానికీ వీలివ్వలేదు. కంప్యూటర్ దగ్గరకు వెళ్ళాల్సిందే, లేదా ఫోన్‌లోనే క్రోమ్ తెరిచి 'డెస్క్‌టాప్ సైట్' టిక్ పెట్టి వెళ్ళాలి. రెండోది చిన్న తెరమీద పెద్ద యాతన. లేబుళ్ళు ఎలాగూ తీశారంటే కంప్యూటర్ దగ్గరలోనే ఉన్నట్టుంది. పైన కుడివైపు పళ్ళచక్రం గుర్తు, అందులో 'సీ ఆల్ సెట్టింగ్స్', పైవరసలో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్'. జీమెయిల్‌ను తెలుగులో పెట్టుకుంటే పేర్లు తెలుగులో ఉంటాయి, చోటు మాత్రం అదే.

అక్కడ ఒక్కో ఫిల్టర్‌కూ రెండు ముక్కలు కనబడతాయి. 'మ్యాచెస్' అన్నది ఏ రకం మెయిల్ అయితే అని, 'డూ దిస్' అన్నది దాన్నేం చేయాలి అని. చివర ఎడిట్, డిలీట్. ఈ రెండు ముక్కల్ని తీరిగ్గా చదవడమే అసలు పని.

చేయాల్సింది చెప్పే ముక్కలో 'స్కిప్ ఇన్‌బాక్స్' ఉంటే మీరు వెతుకుతున్న దొంగ అదే కావచ్చు. 'మార్క్ యాజ్ రెడ్' తోడైతే మరీ చెడ్డది, ఎందుకంటే అది చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది, లెక్క పెరగదు, లావు అక్షరాలు రావు, కొత్తది వచ్చిన సంగతే తెలియదు. 'డిలీట్ ఇట్' ఉంటే ట్రాష్‌కు పోతుంది. 'ఫార్వర్డ్ టు' అని ఏదైనా చిరునామా ఉంటే ఆగి, అది ఎవరిదో తెలిసేదాకా ముందుకు కదలొద్దు, దాని గురించి కింద చెబుతాను. ఉత్త 'అప్లై లేబుల్' ఒక్కటే ఉంటే అది పాపం ఎవర్నీ ఏమీ అనదు, చీటీ అంటించి ఊరుకుంటుంది. 'నెవర్ సెండ్ టు స్పామ్' ఉంటే చాలావరకు మేలు చేసేదే, ఉంచండి.

ఏ మెయిల్ అని చెప్పే ముక్కలో మాత్రం తిరకాసులు ఉంటాయి. నేను చూసినవి చెబుతాను. యార్డులోనే ఒక కొట్టులో కుర్రాడు అడ్వర్టైజ్‌మెంట్ల గోల పడలేక, పంపినవారి చిరునామాలో 'నోరిప్లై' అని ఉంటే చదివినట్టు పెట్టి పక్కన పడేయమని రాశాడు. చూడటానికి తెలివైన పనే. కానీ బ్యాంకులు, ప్రభుత్వ పోర్టళ్ళు, టికెట్ల వాళ్ళు, చాలామంది తిరుగు జవాబు అక్కర్లేని మెయిళ్ళను అలాంటి పేరుతోనే పంపుతారు. ఓటీపీలు, నోటీసులు, చెల్లింపు రసీదులు అన్నీ దాంట్లో కొట్టుకుపోయాయి. పండగ ఆఫర్లు పంపేవాళ్ళు మాత్రం వేరే పేర్లతో హాయిగా ఇన్‌బాక్స్‌లోకి వస్తూనే ఉన్నారు!

ఇంకోచోట ఒక పార్టీ గొడవపడి రోజూ తిట్లు రాస్తుంటే, వాళ్ళ మెయిళ్ళు కనబడకుండా చేయబోయి, చిరునామా మొత్తం రాయకుండా ఎట్ గుర్తు తరవాతి ముక్క ఒక్కటే రాశారు. ఆ ముక్క జీమెయిల్ డాట్ కామ్. అంతే, జీమెయిల్ వాడే ప్రతి మనిషీ శత్రువైపోయాడు. అలాగే 'హ్యాజ్ ద వర్డ్స్' అన్నచోట ఇన్‌వాయిస్ అనో రిపోర్ట్ అనో ఒక్క మాట పెట్టి ఉంటే జాగ్రత్త. అది సబ్జెక్టు ఒక్కటే చూడదు, మెయిల్ లోపలి రాతంతా చూస్తుంది. 'మీ రిపోర్ట్ అందింది, రేటు ఒప్పుకున్నాం' అని కొనుగోలుదారు రాసినా అది రిపోర్టుల గుట్టలోకే పోతుంది. ఎగుమతి అన్నారు కాబట్టి స్పైసెస్ బోర్డు కాగితాలు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల కాయలో పుట్టే విషం) పరీక్ష రిపోర్టులు మీకు వస్తూపోతూ ఉంటాయి. గుమాస్తా వాటన్నిటినీ ఒకచోట చేర్చుకోవడానికే ఇలాంటిది రాసుకుని ఉంటాడు, అతనికి ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి అతను ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు.

ఒక ఫిల్టర్ ఏమేం మింగుతోందో అనుమానంగా ఉంటే తీయకముందే ఎడిట్ నొక్కండి. దాని షరతులతో చిన్న ఫారం తెరుచుకుంటుంది, అందులో 'సెర్చ్' నొక్కితే ఆ షరతులకు తగిలే మెయిళ్ళన్నీ తెరమీదకు వస్తాయి. మీరు రాసుకున్న కాగితంలోని పేర్లు అక్కడ కనబడ్డాయా, దొంగ దొరికినట్టే. మామూలు జీమెయిల్లో 'ఈ మెయిల్‌ను ఫలానా ఫిల్టర్ పట్టుకుంది' అని చెప్పే ఏర్పాటు లేదు, అందుకే ఈ తిరుగుడు. ఒకే మెయిల్‌కు రెండు మూడు ఫిల్టర్లు తగిలితే అన్నీ పనిచేస్తాయి. కాబట్టి ఒకటి తీసి సరిపోయిందనుకోకండి, రెండోది కూడా ఉండొచ్చు.

తీసే ముందు ఇంకో మాట. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకటి నా ఖాతాదారుల్లో ఉండేది. వాళ్ళకూ ఇదే గోల. నేను వెళ్ళి, పద్నాలుగు ఫిల్టర్లు కనబడితే అన్నిటికీ టిక్కు పెట్టి ఒక్క దెబ్బకు తీసేసి, టీ తాగి గుంటూరు బస్సెక్కాను. ఆ పద్నాలుగింట్లో ఒకటి జీఎస్‌టీ మెయిళ్ళను వాళ్ళ ఆడిటర్‌కు పంపేది. ఆ సంగతి ఓనర్‌కే గుర్తులేదు. నెల గడిచాక, ఒక నోటీసుకు జవాబు గడువు ఇంక రెండు రోజులుందనగా ఆడిటర్ అడిగితే బయటపడింది. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి ముందు కాపీ తీయకుండా ఏ ఫిల్టర్‌నీ ముట్టుకోను. మీరూ అలాగే చేయండి: ఫిల్టర్లన్నిటికీ టిక్కు పెట్టి, కింద 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు కంప్యూటర్‌లోకి దిగుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే అదే పేజీలో 'ఇంపోర్ట్ ఫిల్టర్స్' నొక్కి మళ్ళీ పెట్టుకోవచ్చు. జీమెయిల్లో ఫిల్టర్‌ను కొన్నాళ్ళు ఆపి ఉంచే స్విచ్ లేదు, ఉంచడమో తీయడమో రెండే దారులు. అందుకని ఆ ఫైలే మీకు దిక్కు. ఫోన్‌తో పేజీ ఫోటో కూడా తీసి పెట్టుకోండి, ఫైలు కన్నా ఫోటో చదవడం తేలిక.

ఇక తీయడం. అక్కర్లేని వరసకు ఎదురుగా డిలీట్, అడిగితే ఓకే. అయిపోయింది. ఒకటి పూర్తిగా చెడ్డది కాకుండా సగం పనికొచ్చేదైతే తీయకండి, ఎడిట్‌లోకి వెళ్ళి 'కంటిన్యూ' నొక్కి 'స్కిప్ ఇన్‌బాక్స్' దగ్గర టిక్కు ఒక్కటి తీసేసి 'అప్‌డేట్' చేయండి. లేబుల్ అంటుకుంటూనే ఉంటుంది, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనూ కనబడుతుంది. డబ్బుతో సంబంధమున్న ఏ మెయిల్‌కూ ఇన్‌బాక్స్ దాటేసే ఫిల్టర్ పెట్టకూడదని నా పట్టుదల. దీనికి నా దగ్గర మినహాయింపు లేదు. అదే పేజీ అడుగున బ్లాక్ చేసిన చిరునామాల జాబితా ఉంటుంది, చాలామంది అంతదాకా కిందకు దిగరు. అక్కడున్నవాళ్ళ మెయిళ్ళు స్పామ్‌లోకి పోతాయి. మీ పార్టీల్లో ఎవరైనా పొరపాటున అక్కడుంటే 'అన్‌బ్లాక్' చేయండి.

ఫిల్టర్ తీసేశాక పాతవి వాటంతటవే తిరిగి రావు. ఫిల్టర్ పోవడం ఇకమీదట వచ్చేవాటికే వర్తిస్తుంది, ఇప్పటికే పక్కకు పోయినవి పోయినచోటే ఉంటాయి. వాటిని తెచ్చుకోవడానికి పైన సెర్చ్ పెట్టె చివర గీతల గుర్తు నొక్కండి. ఫారం వస్తుంది. 'ఫ్రమ్' దగ్గర పార్టీ చిరునామా, 'డేట్ వితిన్' దగ్గర 6 నెలలు, 'సెర్చ్' దగ్గర ఆల్ మెయిల్. ట్రాష్, స్పామ్ కూడా కలిపి వెతకాలంటే అదే జాబితాలో చివరకు దగ్గరగా 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఉంటుంది. వచ్చిన జాబితాలో ఇన్‌బాక్స్ చీటీ లేనివాటికి టిక్కు పెట్టి, పైన 'మూవ్ టు ఇన్‌బాక్స్' నొక్కితే వచ్చేస్తాయి. ఒక చిట్కా: సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని ఇన్, కోలన్, ఇన్‌బాక్స్ అని ఖాళీ లేకుండా కొడితే ఇన్‌బాక్స్‌లో లేనివి మాత్రమే చూపిస్తుంది. మూడేళ్ళ మెయిళ్ళు మొత్తం లాక్కురాకండి. వచ్చాక తేదీ ప్రకారం వాటి చోటుకే పోతాయి కానీ, ఇన్‌బాక్స్ చూస్తే సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించిన యార్డులా అవుతుంది. కాలు పెట్టే చోటుండదు. ఈ సీజన్ లావాదేవీలవి తెచ్చుకుంటే చాలు, మిగతావి సంచిలో భద్రంగానే ఉంటాయి, పేరు కొడితే దొరుకుతాయి.

ఇంత చేశాక కూడా పోతుంటే? అప్పుడు దొంగ ఫిల్టర్ కాదు. ఇక్కడ నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి. నరసరావుపేట రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ పెద్దాయన. మెయిళ్ళు మాయమవుతున్నాయని పిలిచారు. ఫిల్టర్ల పేజీ ఖాళీ. రెండు గంటలు తలబద్దలు కొట్టుకున్నాను. చివరికి ఆయన ఫోన్ తీసి, వచ్చిన మెయిల్ చదివి, అలవాటుగా బొటనవేలితో పక్కకు తోశారు. 'చదివేశాం కదా, తోసేయాలిగా' అన్నారు. జీమెయిల్ యాప్‌లో మెయిళ్ళ జాబితాలో అలా పక్కకు తోస్తే మామూలుగా ఆర్కైవ్ అవుతుంది. ఫిల్టర్ ఆయన బొటనవేలే! నాన్నగారి ఫోన్‌లో కొట్టు మెయిల్ ఉంటే, ఆయన ఎలా చదువుతున్నారో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి, అడగొద్దు, ఊరికే చూడండి. యాప్ సెట్టింగ్స్‌లో 'జనరల్ సెట్టింగ్స్', అందులో 'స్వైప్ యాక్షన్స్' దగ్గర రెండువైపులా 'నన్' పెట్టేస్తే ఆ గొడవ వదులుతుంది.

ఇంకొకటి, కొట్టులో మూల పడి ఉన్న పాత కంప్యూటర్. దాంట్లో అవుట్‌లుక్ గానీ థండర్‌బర్డ్ గానీ, అంటే మెయిల్ చూసే ప్రోగ్రాములు, తెరిచి ఉంటే వాటికి సొంత రూల్స్ ఉంటాయి, జీమెయిల్ పేజీలో అవి కనబడవు. ఆ కంప్యూటర్ వేసినప్పుడల్లా అవి ఇన్‌బాక్స్‌లోంచి మెయిళ్ళను తీసి వేరే చోట పెడుతుంటాయి. 'పొద్దున కనబడిన మెయిల్ పది గంటలకు లేదు' అంటే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. థండర్‌బర్డ్‌లో టూల్స్ కింద 'మెసేజ్ ఫిల్టర్స్', పాత అవుట్‌లుక్‌లో ఫైల్ కింద 'మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్' చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమాప్' పేజీ కూడా చూడాలి. పాప్ అంటే మెయిళ్ళను వేరే కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి. అలా దించుకున్నాక జీమెయిల్లోని కాపీని ఉంచాలా, ఆర్కైవ్ చేయాలా, డిలీట్ చేయాలా అని అక్కడ ఒక గడి ఉంటుంది. 'డిలీట్' అని ఉంటే మీ కథ మొత్తం అదే.

మిగతా చిన్నవి: ప్రైమరీ, ప్రమోషన్స్, అప్‌డేట్స్ అని పైన ట్యాబులు ఉంటే అవి గూగుల్ తనంతట తాను చేసే ఏరివేత, ఎవరూ పెట్టిన రూల్ కాదు. సెట్టింగ్స్‌లో 'ఇన్‌బాక్స్' పేజీలో ప్రైమరీ తప్ప మిగతా టిక్కులు తీస్తే అన్నీ ఒకేచోటకు వస్తాయి. పాత సంభాషణకు జవాబుగా వచ్చిన మెయిల్ ఆ పాత దారంలోనే ముడిపడి ఉంటుంది, విడిగా కనబడదు. ఎవరైనా ఆ సంభాషణను 'మ్యూట్' చేసి ఉంటే కొత్త జవాబులు ఇన్‌బాక్స్‌కే రావు. ఖాతాకు ఉచితంగా ఇచ్చే 15 జీబీ, అదీ ఫోటోలు, డ్రైవ్ కలిపి, నిండిపోతే కొత్త మెయిళ్ళు అసలు చేరవు. అప్పుడు ఆల్ మెయిల్‌లో వెతికినా దొరకవు, పంపినవాళ్ళకు తిరిగిపోయిందని కబురు వెళుతుంది.

ఇక హ్యాక్ భయం. గుమాస్తా పెట్టిన రూల్‌కూ దొంగ పెట్టిన రూల్‌కూ పోలిక తెలిస్తే సగం భయం పోతుంది. గుమాస్తా రూల్‌కు ఒక అర్థం ఉంటుంది: ఫలానా పార్టీ, ఫలానా లేబుల్. దొంగ పెట్టిన దానికి ఎవరూ చూడని చోటు కావాలి. ఖాతాలో జొరబడ్డవాడు ఇన్‌వాయిస్, పేమెంట్, బ్యాంక్ లాంటి మాటలున్న మెయిళ్ళు వస్తే చదివినట్టు పెట్టి పక్కకు నెట్టేలా రూల్ రాస్తాడు. అవుట్‌లుక్‌లో అయితే ఎవరూ తెరవని 'ఆర్ఎస్ఎస్ ఫీడ్స్' (వెబ్‌సైట్ల కొత్త వార్తలు చేరే) ఫోల్డర్‌లోకి తోస్తాడు, రూల్ పేరు ఉత్త చుక్క. ఆ చాటున కూర్చుని మీ పార్టీతో మీలా మాట్లాడి, డబ్బు వేరే ఖాతాలో వేయమని రాస్తాడు. ఎగుమతివాళ్ళ మీద ఈ మోసం ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అవతలి వాళ్ళు ఎక్కడో దేశం దాటి ఉంటారు, అన్నీ మెయిల్ మీదే నడుస్తాయి.

కాబట్టి 'ఫార్వర్డింగ్' పేజీలో గానీ ఏ ఫిల్టర్లో గానీ మీకు తెలియని చిరునామా ఉందా అన్నది ముఖ్యం. ముందు ఇంట్లో, ఆడిటర్ దగ్గర అడగండి, నా ఆటోనగర్ కథ గుర్తుంది కదా. ఎవరిదీ కాదని తేలితే తీసేయకముందే ఆ పేజీ ఫోటో తీయండి, అదే మీకు సాక్ష్యం. ఆ తరవాత ఫిల్టర్, ఫార్వర్డింగ్ చిరునామా రెండూ తీసేయండి. పాస్‌వర్డ్ మళ్ళీ మార్చండి, ఈసారి రెండంచెల ధ్రువీకరణ కూడా పెట్టండి. గూగుల్ ఖాతా పేజీలో 'సెక్యూరిటీ' కింద ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో ఖాతా తెరిచి ఉందో చూపిస్తుంది, మీవి కానివి బయటకు పంపేయండి. ఖాతాలోకి రానిచ్చిన బయటి యాప్‌ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తామనే యాప్‌లు ఎవరైనా ఎక్కించి ఉంటే అవీ మెయిళ్ళు జరుపుతాయి, తీసేయండి. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' పేజీలో 'గ్రాంట్ యాక్సెస్' దగ్గర ఇంకెవరికైనా ఖాతా తెరిచే హక్కు ఇచ్చారేమో చూడండి, పాత గుమాస్తాకు ఇచ్చి మరిచిపోయి ఉండొచ్చు. జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు 'డీటెయిల్స్' నొక్కితే ఈమధ్య ఎక్కడెక్కడి నుంచి తెరిచారో వస్తుంది. డబ్బు ఇప్పటికే తప్పుదారి పట్టిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పండి. పార్టీకి మెయిల్ పెట్టకండి, ఫోన్‌లో మాట్లాడండి, మెయిల్ దొంగ చూస్తుంటాడు.

మీ ప్రశ్న కింద ఇంకెవరో అవుట్‌లుక్ గురించీ అడిగారు. అవుట్‌లుక్ వెబ్‌లో సెట్టింగ్స్, మెయిల్, రూల్స్. జీమెయిల్‌కూ దీనికీ రెండు తేడాలు. ఇక్కడ రూల్స్ పైనుంచి కిందకు వరసగా నడుస్తాయి, 'స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్' ఉన్న రూల్ తగిలితే కిందివి ఆ మెయిల్ మీద పనిచేయవు. పైగా ప్రతి రూల్‌కూ ఆపే స్విచ్ ఉంటుంది, తీయకుండా వారం రోజులు ఆపి చూడొచ్చు. 'ఫోకస్డ్', 'అదర్' అని రెండు ట్యాబులు కనబడితే అది రూల్ కాదు, అవుట్‌లుక్ సొంత ఏరివేత. యాహూలో అయితే 'మోర్ సెట్టింగ్స్'లో 'ఫిల్టర్స్'. కంపెనీ సొంత డొమైన్‌తో మెయిల్ ఉన్నవాళ్ళకు అడ్మిన్ పైనుంచే రూల్స్ పెట్టగలడు, అవి మీ పేజీలో కనబడవు, అతన్నే అడగాలి.

అంతా అయ్యాక పరీక్ష మీ సొంత మెయిల్ నుంచి పంపి చూసుకోవద్దు, మీ చిరునామా ఏ ఫిల్టర్లోనూ ఉండదు కదా. తప్పిపోయిన పార్టీనే ఒక చిన్న మెయిల్ పెట్టమనండి. రాగానే ఇన్‌బాక్స్‌లో చూడండి, కానీ ముట్టుకోకండి, ఫోన్‌లో కూడా తెరవొద్దని నాన్నగారికి చెప్పండి. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు మళ్ళీ చూడండి. పొద్దున రానే రాకపోతే ఇంకో ఫిల్టర్ మిగిలింది. వచ్చి సాయంత్రానికి పోతే పాత కంప్యూటరో, పాప్ సెట్టింగో. నాన్నగారు ఫోన్ తీసిన ఐదు నిమిషాల్లో పోతే, ఏం చేయాలో మీకు తెలుసు.